యూనిఫాం వేసుకున్న గుమాస్తా

నగర పోలీసు ఉద్యోగంలో చేరబోయే యువతీయువకులకు ముందే ఒక మాట విన్నవించుకోవాలి. తెల్లారకముందే లేచి పరుగులు తీసి, కండలు పెంచి, ఛాతీ కొలిపించుకుని మీరు సంపాదించబోయేది అచ్చమైన గుమాస్తా కొలువు. ఆ పరుగు పందెం దొంగ వెంట పడటానికని అందరూ అనుకుంటారు. షిఫ్టు ముగిసేలోపు రిపోర్టు అందించడానికని లోపలికి వెళ్లాకే తెలుస్తుంది.

భయపడాల్సిన పని లేదు. ఈ వృత్తి ఆరంభమే ఘనంగా జరిగింది. 1829 సెప్టెంబర్ 29న లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు తొలిసారి వీధుల్లోకి దిగారు. సైన్యం వచ్చిందని జనం హడలిపోకూడదని ఎర్రకోటు కాకుండా నీలం కోటు తొడిగించారు. చేతికొక కర్ర, మోగించడానికొక గిలక్కాయ ఇచ్చారు. ఇంత ముచ్చటగా అన్నీ సమకూర్చాక, నెంబరు 1 దక్కిన కానిస్టేబుల్ తాగి దొరికి ఆ రోజే ఇంటిదారి పట్టాడు. కాబట్టి తొలి వారంలో మీరెన్ని తప్పులు చేసినా ఆయన రికార్డుకు ఢోకా లేదు.

ఇక ఆయుధాల సంగతి. లాఠీ, బేడీలు, వైర్‌లెస్ సెట్ అన్నీ నడుముకు వేలాడుతుంటాయి. అసలు ఆయుధం మాత్రం చొక్కా జేబులో ఉంటుంది: నోట్‌బుక్. పేజీలకు ముందే నెంబర్లుంటాయి, కాగితం చింపకూడదు. ఖాళీ వరుస వదలకూడదు, వదిలితే తర్వాత ఇరికించి రాశారంటారు. తప్పు పడితే దాని మీదే దిద్దకూడదు, తెల్ల రంగు పూయకూడదు. ఒక్క గీత కొట్టి, కింద ఉన్న మాట చదవడానికి వీలుగా ఉంచి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఎదుటివాడు ఏమన్నాడో అవే మాటల్లో రాయాలి. అతను మీ వంశవృక్షమంతా ఏకరువు పెట్టినా ‘అనుచితంగా మాట్లాడాడు’ అని సర్దేయకూడదు, అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి. బాలశిక్ష నాటి చేతిరాత విలువ అప్పుడు తెలిసొస్తుంది. చలిలో, వానలో, ఎవరో మీ కాలరు పట్టుకుని ఉన్నప్పుడు కూడా గుండ్రంగా రాయగలిగినవాడే ఈ రంగంలో వీరుడు.

బేడీలు వేయడం సినిమాల్లో క్షణంలో అయిపోతుంది. నిజానికి వేశాక మణికట్టుకూ ఇనుముకూ మధ్య వేలికొస దూరుతుందో లేదో చూడాలి. తర్వాత తాళంచెవి వెనకనున్న సన్నటి ముల్లుతో డబుల్ లాక్ వేయాలి. కొత్తవాళ్లు ఈ రెండోది మరిచిపోతారు. నిందితుడు కారులో వెనక్కి ఆనుకోగానే బేడీ పళ్లు ఒక్కొక్కటే జారి అది బిగుసుకుంటుంది, చేయి తిమ్మిరెక్కుతుంది, నరం దెబ్బతిన్నా తినొచ్చు. పర్యవసానంగా మీరు రాయాల్సిన రిపోర్టు ఒకటి కాస్తా రెండవుతుంది. రెండోది మీ మీదే.

నేరస్థలానికి మొదట చేరుకునే భాగ్యం సాధారణంగా కొత్తవారిదే. లోపలికీ బయటికీ ఒకటే దారి పెట్టి, ఆ దారి దాటిన ప్రతివాడి పేరూ, సమయమూ రాసుకోవాలని శిక్షణలో చెబుతారు. మీరు తాడు కట్టి అలా నిలబడగానే పై అధికారి వస్తారు, ఆయన వెనక ఇద్దరు, వాళ్ల వెనక ఇంకొకరు. అందరూ ‘ఏమీ ముట్టుకోవద్దు’ అంటూనే తలా ఒకటి ముట్టుకుంటారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత అక్కడ పనికిరాదు. తొక్కేది వాళ్లు, ఎవరి బూటు ముద్ర ఏదో తేల్చుకునేది మీరు. రక్తంతో తడిసిన గుడ్డను మాత్రం ప్లాస్టిక్ సంచిలో పెట్టకండి. తేమ లోపలే ఉండి బూజు పడుతుంది, సాక్ష్యం కుళ్లిపోతుంది. ఆరబెట్టి కాగితపు సంచిలో వేసి, అతుకు మీదుగా సంతకం చేయాలి.

గస్తీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, శాస్త్రం చెప్పినది తప్ప. 1972-73లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో 15 బీట్లను, అంటే గస్తీ ప్రాంతాలను, మూడు వాటాలు చేశారు. ఒక వాటాలో గస్తీ కార్లు ఆపేసి, ఎవరైనా పిలిస్తేనే వెళ్లారు. ఇంకోదానిలో రెండు మూడింతలు తిప్పారు. మూడోదాన్ని ఉన్నట్టే వదిలేశారు. ఏడాది తిరిగాక చూస్తే నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. గస్తీ పెరిగిందనో తగ్గిందనో జనంలో ఎక్కువమంది గుర్తించనే లేదు. నేరాలు ఎక్కువగా జరిగే మూల దగ్గర ఒక పది పదిహేను నిమిషాలు ఊరికే నిలబడితే మేలని తర్వాత అదే దేశంలోని మిన్నియాపొలిస్ నగర పరిశీలనల్లో తేలింది. అంటే నియామకాల్లో పెట్టాల్సింది పరుగు పరీక్ష కాదు, నిలుచునే పరీక్ష. అందుకు బూట్లు ముఖ్యం. కొత్త జత తొడుక్కుని తొలి బందోబస్తుకు వెళ్లినవాడు సాయంత్రానికి చెప్పులడుగుతాడు. రెండు వారాల ముందే ఇంట్లో తొడుక్కుని అరగదీయండి.

వైర్‌లెస్ సెట్ మీట నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి. ఆగకపోతే మొదటి అక్షరాలు గాలిలో కలిసిపోతాయి. ముందు ఎక్కడున్నారో చెప్పి, తర్వాతే ఏం జరిగిందో చెప్పండి. మధ్యలో మాట తెగినా సాయమైతే వస్తుంది.

ఇంత చేశాక దొంగ దొరికాడే అనుకుందాం. దుకాణం కెమెరా ఫుటేజీ కూడా తీసుకున్నారు. తీసుకునేటప్పుడు కెమెరా గడియారంలో సమయమెంత, అసలు సమయమెంత అని రెండూ పక్కపక్కనే రాసుకోవాలి. ఆ గడియారాలు సరిగ్గా నడవడం అరుదు. ఆ ఒక్క వరుస మరిచిపోయారా, కొన్నాళ్లకు కోర్టులో డిఫెన్స్ లాయరు మీ నోట్‌బుక్ చేతిలో పట్టుకుని మహా మర్యాదగా అడుగుతాడు: ‘‘ఆఫీసర్ గారూ, మీరు నా క్లయింటును పట్టుకున్నది రాత్రి 2 గంటల 10 నిమిషాలకు. కెమెరా ప్రకారం తాళం పగిలింది 2 గంటల 25 నిమిషాలకు. ఆ పావుగంటా అతను మీ కారులో కూర్చునే తాళం పగలగొట్టాడంటారా?’’