పిల్లికి పాలు పోస్తే ఉరేసిన చట్టం గారికి

చట్టం గారూ,

మీరు ఇంగ్లండ్‌లో మంత్రగత్తెల్ని శిక్షించడానికి 1604లో జేమ్స్ రాజు హయాంలో పుట్టి 1736లో రద్దయిపోయారు కాబట్టి ఈ లెటర్ చేరదని తెలుసు, అయినా కడుపులో ఉన్నది కక్కేస్తే నిద్రపడుతుందని రాస్తున్నా.

దుష్టశక్తితో మాట్లాడినా, పనికి పెట్టుకున్నా, తిండి పెట్టినా మరణశిక్షే అన్నారు కదా. ఆ శక్తేమో పిల్లిలాగో కప్పలాగో ముసలమ్మ ఇంటికి వస్తుందని మీ ఎసెక్స్ జనాల గట్టి నమ్మకం. అంటే పిల్లికి బిచ్చం పెట్టని రకం అని మేం తిడతామే, మీ రాజ్యంలో సేఫ్‌గా బతికేది ఆ పిసినారోళ్లే అన్నమాట.

మీకు ముందున్న చట్టం టైంలో, 1566లో, చెమ్స్‌ఫర్డ్‌లో ఒక కేసు నడిచింది (మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలని బట్టీ పట్టామే, ఆ ఊరే). మచ్చల తెల్లపిల్లి, పేరు సాతాన్, దాచుకుందామనే ఆలోచనే లేదు. ఎలిజబెత్ ఫ్రాన్సిస్ అనే ఆవిడ దాన్ని ఏళ్లతరబడి పెంచి పక్కింటి యాగ్నెస్ వాటర్‌హౌస్‌కి ఇచ్చేసి, బదులుగా ఒక కేకు తీసుకుందట. నరకం నుంచి దిగిన దయ్యం రేటు ఒక కేకు! యాగ్నెస్ దాన్ని కుండలో ఉన్ని వేసి పడుకోబెట్టేది, తర్వాత ఆ ఉన్ని అవసరమై పిల్లిని కప్పగా మార్చేసిందట. ఇదంతా విన్న జడ్జీలకి, దయ్యమే చేతిలో ఉన్న మనిషికి గుప్పెడు ఉన్నికి కరువేంటని డౌటే రాలేదు, ఉరేశారు.

ఇక మీ హయాంలో, 1645లో మానింగ్‌ట్రీలో, ఎలిజబెత్ క్లార్క్ అని ఒంటికాలి ముసలావిడని మంత్రగత్తెల్ని వేటాడే మాథ్యూ హాప్కిన్స్ బ్యాచ్, ఆమె దగ్గరికి దయ్యాలు వస్తాయేమోనని రాత్రుళ్లు నిద్రపోనివ్వకుండా కాపలా కాశారు. అన్ని రాత్రులు మేల్కొంటే కాపలావాళ్లకి ఏమైనా కనిపిస్తుంది, కనిపించింది కూడా: కాళ్లు లేని బొద్దు స్పానియల్ కుక్క, శాక్ అండ్ షుగర్ అనే నల్ల కుందేలు, ఎద్దు తలతో వినెగర్ టామ్ అనే వేటకుక్క. ఈ బాపతు పేర్లు మనిషన్నవాడు కల్పించలేడని హాప్కిన్స్ 1647లో పుస్తకమే రాశాడు, మా వీధిలో కుక్కలకి పెట్టే పేర్లు వినలేదు పాపం. ఈ సేవకి స్టోమార్కెట్ ఊరు అతనికి 23 పౌండ్లు ఇచ్చుకుంది.

అదే టైంలో అప్పటి రాజు చార్లెస్ గారి మేనల్లుడు ప్రిన్స్ రూపర్ట్ పెంచుకున్న తెల్ల పూడుల్ 'బాయ్' కూడా మంత్రాల కుక్కేనని పాంఫ్లెట్లు అచ్చేశారు, అది 1644లో మార్‌స్టన్ మూర్ యుద్ధంలో చచ్చిపోయింది. మరి ప్రిన్స్‌ని ఒక్క రాత్రైనా స్టూల్ మీద కూర్చోబెట్టి అడిగారా? అడగరు, ఆయనకి గుర్రపు దండుంది.

మావాళ్లేదో సుద్దపూసలని చెప్పట్లేదండీ, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, అక్కడా దెబ్బలు పడేది ఎక్కువగా అడిగే దిక్కులేనోళ్లకే.

చివరగా ఒక డౌటు. మా ఇంట్లో తద్దినం రోజు పిండం గోడమీద పెట్టి, తాతే కాకి రూపంలో వస్తాడని అందరం ఆకలితో చూస్తుంటాం, అది ముట్టకపోతే "ఏం కోరిక మిగిలిపోయిందయ్యా, చెప్పు" అని మా బాబాయి కాకినే బతిమాలతాడు. పిలవడం, మాట్లాడటం, తిండి పెట్టడం మూడూ అయిపోయాయి, మీ లెక్కన ఇంటిల్లిపాదీ బుక్కే. మా తాత దుష్టశక్తి కిందకి రాడంటారా, ఆ మాట మాత్రం మా నాన్నమ్మ ఒప్పుకోదు.