తల స్కాన్ బాగుంటే ఒంటేలు బాగున్నట్టేనా?

మళ్ళీ అదే ఫార్వర్డ్, ఎమ్మెస్ గురించి (మల్టిపుల్ స్క్లిరోసిస్, అంటే మెదడులో, వెన్నుపాములో నాడుల పొర దెబ్బతిని మచ్చలు పడే జబ్బు). "ఎమ్మెస్ ఉన్నవాళ్లకు మెదడు ఎమ్మారైలో కొత్త మచ్చ లేకపోతే మూత్రం ఇబ్బంది ఆ జబ్బుది కాదు, వయసుది. మాటిమాటికీ స్కాన్ తీస్తే రేడియేషన్. మాత్రలు వాడితే మతిమరుపు. కాఫీ మానండి. నీళ్లు సగానికి తగ్గించండి." పంపేది అయినవాళ్లే, అదే చిక్కు.

ఎమ్మారైలో ఎక్స్‌రేలు ఉండవు. రేడియేషన్ సంగతి ఇంతటితో సరి. కాఫీ తగ్గించడం మాత్రం మంచిదే.

మూత్రం ఆపాలో వదలాలో చెప్పే ఆదేశం మెదడు కాండం నుంచి వెన్నుపాము పొడవునా దిగి నడుము కింద ఉండే త్రికాస్థి నాడులకు చేరాలి. దారిలో ఎక్కడ మచ్చ పడ్డా తంటానే, అది పదేళ్ల కిందటిదైనా సరే. వీపు దగ్గర వెన్నుపాములో ఉన్న మచ్చ తల స్కాన్‌లో కనబడాలంటే ఎలా?

ఇక నీళ్లు. మే నెలలో రెంటచింతలలో కూర్చున్న మనిషికి కూడా ఇదే సలహా కాబోలు! నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. మలబద్ధకం వచ్చి నిండిన పేగు దాన్ని నొక్కుతుంది. ఆపైన ఇన్ఫెక్షన్, జ్వరం. ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలన్నీ పైకి లేస్తాయి: కాళ్లు బరువెక్కుతాయి, చూపు మసకబారుతుంది. ఇంట్లోవాళ్లు రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) అనుకుని స్టెరాయిడ్ల కోసం పరుగెడతారు. ముందు చేయించాల్సింది మూత్ర పరీక్ష. పగలు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగి, పడుకోబోయే రెండు గంటల ముందు ఆపితే చాలు.

ఫార్వర్డ్‌లో లేని మాట ఒకటుంది. ఆపుకోలేకపోవడం, పూర్తిగా పోకపోవడం రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. మూత్రాశయం ముడుచుకునే సమయానికే కింది కండరం బిగుసుకుంటుంది. అందుకే ఆపుకోలేకపోవడానికి మాత్ర మొదలుపెట్టే ముందు, ఒంటేలుకు వెళ్లొచ్చిన వెంటనే అల్ట్రాసౌండ్‌లో మిగులు, అంటే మూత్రాశయంలో ఇంకా ఉండిపోయిన మూత్రం ఎంతో చూడాలి. లీటరు నీళ్లు తాగించి, ఉగ్గబట్టించి, వెళ్లొచ్చాక అరగంట వరుసలో నిలబెట్టి తీస్తే ఆ అంకె దండగ. మిగులు తరచూ 100 మి.లీ. దాటుతుంటే సన్నటి గొట్టంతో ఎవరికి వారు ఖాళీ చేసుకోవడం నేర్పుతారు.

మతిమరుపు మాట మాత్రం కొట్టిపారేయలేం. మూత్రాశయాన్ని సడలించడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ మాత్ర మెదడులోకి చేరుతుంది. ఎమ్మెస్ వల్ల ఆలోచన ముందే మందగించినవాళ్లకు అది ఇంకా ఇబ్బంది. అదే పనికి ఇచ్చే మిరాబెగ్రాన్‌ది వేరే దారి, బీపీ చూసుకుంటూ వాడాలి. అది డాక్టరుతో తేల్చుకోవాల్సిన సంగతి. వెళ్లేటప్పుడు, మూడు రోజులపాటు ఎన్నింటికి ఎంత తాగారో, ఎంత పోశారో కొలత గ్లాసుతో చూసి రాసిన కాగితం పట్టుకెళ్లండి.