మహారాజశ్రీ స్పామ్ ఫోల్డరు గారికి

మహారాజశ్రీ స్పామ్ ఫోల్డరు గారి దివ్యసముఖమునకు, నల్లగొండ నుంచి పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అనుమానపు మెయిళ్లన్నీ మీ దగ్గరికే చేరతాయి కాబట్టి మీ క్షేమం అడగాల్సిన పని లేదు. లాటరీ తగిలినవాళ్లు, ఆస్తి పంచడానికి మనిషి దొరకని యువరాజులు, నెల రోజుల్లో బట్టతల మీద జుట్టు మొలిపించే వైద్యులు చుట్టూ కూర్చున్న దర్బారు మీది. మీకేం లోటు? వాళ్ల మధ్యలో ఒక మూలన, బడి ఫొటోతో ఒక ఆహ్వానం పడి ఉంటుంది చూడండి. అది నాది.

సంక్రాంతి సెలవుల్లో దేవరకొండ రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడి, సమ్మేళనం పెట్టుకున్నాం. లిస్టులో 612 మంది. సగం మందైనా రారా అని మూడు వందల ప్లేట్లకు చెప్పాం. వచ్చింది 58 మంది, మైకు సెట్టు అబ్బాయితో కలిపి. మధ్యాహ్నం మూడింటికి నేను, కోశాధికారి కలిసి మూడు గంజుల బగారా అన్నాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని హాస్టళ్ల వెంట తిరిగాం. ఒక హాస్టల్లో పిల్లవాడు ప్లేటు చూసి, "అన్నా, పెరుగు చట్నీ తేలేదా?" అన్నాడు. పొద్దుటి నుంచి నన్ను నవ్వించింది వాడొక్కడే.

మర్నాటి నుంచి ఫోన్లు. మా దిక్కు పెళ్లికి పోకపోయినా ఫర్వాలేదు కానీ, పిలుపు అందకపోతే ఆ మాట పదేళ్లు నడుస్తుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న మా క్లాస్‌మేట్ అయితే, "మమ్మల్ని మనుషుల్లో లెక్క పెట్టలేదన్నమాట" అన్నాడు. స్పామ్‌లో చూడరా అన్నాను. "అదెక్కడ ఉంటది?" అన్నాడు. పావుగంట వెతికితే దొరికింది. పైన వడ్డీ లేని అప్పు, కింద మోకాళ్ల నొప్పుల నూనె, నడుమ మా ఆహ్వానం.

వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకంటారేమో. మాకూ గ్రూపు ఉండేది. పొద్దున ఆరింటికి గులాబీ పువ్వులతో మొదలై రాత్రి పదింటికి పార్టీల తిట్లతో ముగిసేది. ఎన్నికలప్పుడు సగం మంది వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు మ్యూట్‌లో పెట్టారు. అప్పుడు కార్యవర్గం కూర్చుని, ఇక నుంచి పద్ధతిగా మెయిల్ పంపుదాం, రికార్డు కూడా ఉంటుంది అని తీర్మానించింది. రికార్డు ఉంది. మీ దగ్గర.

మాదాపూర్‌లో ఈ మెయిళ్ల పనే చేసే మా అక్క కొడుకు పండక్కి వచ్చి, నా మెయిల్ తెరిచి చూశాడు. "మామా, ఇది నాకు వస్తే సైబర్ క్రైమ్‌లో కంప్లైంట్ ఇచ్చేవాణ్ని" అన్నాడు. సబ్జెక్టులో "త్వరపడండి!!! ఇదే చివరి అవకాశం!!!" అని ఉంది. లోపల చదవడానికి ఒక్క వాక్యం లేదు. ప్రింటింగ్ ప్రెస్సు వాడిచ్చిన కార్డు ఫొటోను అట్లాగే పెట్టేశాను, ఎనిమిది ఎంబీ. దాని కింద విరాళాలకు క్యూఆర్ కోడు. దాని కింద ఎక్కడికి పోతుందో చెప్పని పొట్టి లింకు. అడుగున "ఇట్లు మీ శ్రేయోభిలాషి". పేరు పెట్టలేదు, వినయం కొద్దీ. ఇంగ్లిషులో అన్నీ పెద్దక్షరాలే వాడినా మీకు అనుమానమేనట. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి ఆ ఒక్క కేసు తప్పింది.

మీ వంశచరిత్ర కూడా వాడే చెప్పాడు. 1978 మే 3న గ్యారీ థర్క్ అనే ఆయన, తమ కంపెనీ కంప్యూటర్ల గురించి, ఇంటర్నెట్‌కు తాత లాంటి అర్పానెట్‌లో ఉన్న 393 మందికి ఒకే ప్రకటన పంపాడట. చిరునామాల గడిలో అందరూ పట్టక, మిగిలినవి ఉత్తరం లోపలికి పొర్లాయట. తొలి స్పామ్ అని చెప్పుకునేది దాన్నే. 393 మందికే! నేను పంపింది 612 మందికి. చరిత్రలో నా స్థానం మీరే తేల్చండి.

నిజానికి అంతమందికీ పంపలేకపోయాను. ఉచిత ఖాతాకు రోజుకు ఇంతమందే అని హద్దు ఉంటుందని, జీమెయిల్‌లో అది 500 అని నాకు తెలియదు. వందేసి మంది చొప్పున పంపుతూ పోతే ఆరో విడతకు ఖాతా మొరాయించింది. లిస్టు ఇంగ్లిషు అక్షరాల వరుసలో ఉంది. చివర్లో మిగిలినవాళ్లు శ్రీనివాసులు, వెంకన్నలు, యాదగిరులు. వెంకన్నలూ యాదగిరులూ లేకుండా నల్లగొండ జిల్లాలో సభ పెట్టిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

పైగా చిరునామాలన్నీ అందరికీ కనిపించే గడిలో పెట్టాను. ఒకాయన "అభినందనలు" అని వందమందికీ జవాబు కొట్టాడు. "నన్ను తీసేయండి" అని ఇంకొకాయన, అదీ వందమందికి. ఒకరి చిరునామా ఇంకొకరికి కనిపించని గడి ఉంటుంది, బీసీసీ, అందులో పెట్టాలి మామా అని అల్లుడు చెబితే, ఆ మాటే కార్యవర్గంలో చెప్పాను. మా కోశాధికారి ముఖం మాడ్చుకుని, "ఇన్నేళ్లుగా సంఘంలో కులాల మాట రాలేదు, ఇప్పుడెందుకు తెస్తున్నారు?" అన్నాడు. బీసీ-ఏ, బీసీ-బీ దాటి అది వేరే సంగతి అని అర్థం చేయించేసరికి రెండో విడత టీ కూడా అయిపోయింది.

1982లో మెయిల్ పంపే పద్ధతిని రాసుకున్నప్పుడు, కవరు మీద పేరు రాసినవాడు వాడేనా అని అడిగే ఏర్పాటే లేదట. ఆ తర్వాత అతికిన తాళాలు మూడు. "ఎస్‌పీఎఫ్ అంటే మామా, మా ఇంటి ఉత్తరాలు ఫలానా మనుషులే తెస్తారని గుమ్మం మీద రాసిపెట్టడం. డీకిమ్ అంటే కవరుకు లక్క ముద్ర, దారిలో ఎవరైనా విప్పి మారిస్తే తెలిసిపోతుంది. ఈ రెండూ తప్పితే ఏం చేయాలో నువ్విచ్చే ఆర్డరు డీమార్క్. పోనివ్వమంటావా, పక్కన పడేయమంటావా, గుమ్మం నుంచే తరమమంటావా?" రోజుకు వేలకు వేలు పంపేవాళ్లకు గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ ఉండాల్సిందే అన్నాయి. మాకు అంత మంది లేకపోయినా పెట్టించాం. దానికి నెట్‌లో సంఘం పేరున సొంత చిరునామా, అంటే డొమైన్, కొనాల్సి వచ్చింది. తీర్మానం చదువుతుంటే ఒక సభ్యుడు లేచి సర్వే నంబరు అడిగాడు.

తర్వాత ఒక గ్రూపు చిరునామా కూడా పెట్టాం, అందులో ఎవరు రాసినా అందరికీ పోయేటట్టు. అదీ సాఫీగా లేదు. సభ్యుడి పేరుతో మా సర్వరు ఉత్తరం మోసుకుపోతే, తెచ్చిన మనిషి వేరు కదా అని అవతల ఆపేస్తారు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్ ఆర్డరును బిగించినప్పుడు ఇలాంటి గ్రూపులు లోకమంతా ఒక్కసారిగా తడబడ్డాయి. అందుకని ఇప్పుడు ఎవరు రాసినా సంఘం పేరే పైన పడుతుంది. మా లెక్కల సారు, "రాసింది నేను, పేరు నీదా?" అని నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇక లిస్టు. అది పాత సమ్మేళనంలో గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టిన నోటుబుక్కు. జీమెయిల్ స్పెల్లింగు అందులో తొమ్మిది రకాలుగా ఉంది. 87 మెయిళ్లు 550 అనే నంబరుతో వెనక్కొచ్చాయి, అంటే అలాంటి మనిషి ఇక్కడ లేడని. వాటిని వెంటనే కొట్టేయాలట. మూతపడ్డ చిరునామాలను కొన్నిటిని మళ్లీ లేపి వలగా వాడతారట. అందులో పడ్డామా, లిస్టు ఊడ్వనివాడని మన మీద ముద్ర. ఇష్టం లేనివాళ్లు ఒక్క నొక్కుతో వెళ్లిపోయే దారి కూడా పెట్టాలన్నాడు అల్లుడు. మంచిదే కదా అని ప్రతి మెయిల్ కింద నీలం రంగులో "చందా రద్దు" అని పెట్టాను. ఆ రాత్రి పద్నాలుగు ఫోన్లు. "చందా రద్దయిందట కదా, మొన్న కట్టిన ఐదు వందలు ఎప్పుడు వాపస్ ఇస్తారు?"

ఇంత చేసినా మా ఉత్తరాలు మీ దర్బారుకే వస్తున్నాయి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక రోజంతా కదలని నీడ ఒకటి ఉంటుంది. చూసినవాళ్లందరూ బయటికొచ్చి ఏ స్తంభం నీడా అని వెతుకుతారు. నేనూ అట్లాగే ముందు డొమైన్ వెనక, తర్వాత లింకుల వెనక, చివరికి ఫొటోల వెనక తిరిగాను. అల్లుడు మాత్రం, "మామా, మీవాళ్లే ఎవరో స్పామ్ అని నొక్కుతున్నారు" అన్నాడు. ఆ ఫిర్యాదులు వందకు 0.3 లోపే ఉండాలని గూగుల్ గీత. మా 612కు లెక్క కడితే ఇద్దరు నొక్కినా దాటినట్టే.

ఎవరా ఇద్దరు? మిల్లు ఆయన మీద అనుమానపడ్డాను. పోయినసారి ఎన్నికల్లో ఓడిన ఉపాధ్యక్ష అభ్యర్థి మీద పడ్డాను. అమెరికాలో ఉన్నవాళ్లందరి మీదా టోకున పడ్డాను.

మొన్న లెక్కల మీద సంతకానికి మా అధ్యక్షుల వారింటికి పోయాను. మాకు పాఠాలు చెప్పిన హెడ్మాస్టరు గారే. నేను కూర్చుని ఉండగానే ఫోన్‌లో మా సంఘం మెయిల్ పడింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, మెయిల్ పూర్తిగా చదివి, వేలు జాగ్రత్తగా ఆనించి, ఎనిమిది మూలల గీత మధ్య ఆశ్చర్యార్థకం ఉన్న బొమ్మను నొక్కారు. మెయిల్ మాయమైంది.

"ఏం చేశారు సార్?"

"ముఖ్యమైన కాగితం కదా నాయనా, దాచాను. ఆశ్చర్యార్థకం అంటే ముఖ్యం అనే కదా. నీ ఉత్తరం ఒక్కటి కూడా పోనివ్వలేదు నేను. సమ్మేళనానికి వచ్చినవాళ్లందరికీ కూడా నేర్పించి పంపాను."

వచ్చిన 58 మందిలో మైకు అబ్బాయికి కూడా నేర్పారట. మీ దగ్గర ముప్పై రోజులు దాటిన సరుకు దానంతటదే పోతుందన్న సంగతి నేనిక ఆయనకు చెప్పాలా వద్దా అని నసుగుతుంటే, ఆయనే అన్నారు:

"నెలకోసారి ఎవరో ఖాళీ చేస్తున్నారు. సంఘం ఫైలుకు నువ్వే తీసుకుంటున్నావనుకున్నాను."

ఇట్లు,
కార్యదర్శి
(ఈసారి వినయం లేదు, పేరు కింద స్టాంపు వేశాను)