గుంత పాతదే, మొక్క ఐదోది

మా కాలనీ పర్యావరణ కమిటీని వెక్కిరించేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. కమిటీ జాయింట్ సెక్రటరీగా వాస్తవాలు చెప్పడం నా బాధ్యత కనుక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

కమిటీ పుట్టింది 2021 జూన్ 5న. హైదరాబాద్ శివారు కాలనీ మాది, రోడ్డు పక్కన ఆ రోజు పదకొండు గుంతలు తీయించాం. తీయించాం అని ఎందుకంటున్నానంటే, తవ్వింది కూలికి వచ్చిన ఇద్దరు, మేం గడ్డపార పట్టుకుని ఫొటో దిగి, అది ఇంత బరువుంటుందా అని టిఫిన్ తినేంతసేపూ మాట్లాడుకున్నాం. పదకొండు మొక్కలు నాటాం. 2022లో అవే పదకొండు గుంతల్లో మళ్లీ పదకొండు నాటాం, 2023లో మళ్లీ, 2024లో, 2025లో కూడా. దీన్ని చూసి నవ్వేవాళ్లకి పునర్వినియోగం అంటే ఏమిటో తెలీదు. ఒక్కసారి తవ్విన గుంతని ఐదేళ్లు వాడుకున్న కాలనీ ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉంటే చూపించండి! ట్రీ గార్డులు కూడా, లోపల మొక్క ఉన్నా లేకపోయినా, గుంతని మాత్రం భద్రంగా కాపాడుతున్నాయి.

2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం మొదలుపెట్టినప్పుడు 230 కోట్ల మొక్కలు నాటాలని, రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. అంకెల దగ్గర మేమూ తక్కువ తినలేదు. ఏటా పదకొండు చొప్పున ఐదేళ్లకి 55 మొక్కలు, రిపోర్టులో అదే ఉంటుంది. ఎన్ని బతికాయి అనే గడి మా ఫారంలో లేదు, ఎవరూ అడగలేదు కూడా.

మొక్కలు ఎందుకు పోతున్నాయంటే అందులో మా తప్పేమీ లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానదేవుడు మా వాలంటీరు, అక్టోబర్ దాటితే ఆయన డ్యూటీ దిగిపోతాడు. ఇక ఫిబ్రవరి నుంచి బకెట్లు మోయాలి. బకెట్టు మోసేవాడికి పక్కన అతిథి ఉండడు, రిబ్బన్ ఉండదు, లుంగీ మీద మోస్తాడు కాబట్టి ఫొటో కూడా బాగుండదు. నీళ్లు పోసే బాధ్యత ఎవరిదని గ్రూపులో అడిగితే ఇరవై మూడు చప్పట్ల బొమ్మలు వచ్చాయి, ఒక్క పేరు రాలేదు.

నిజానికి మొదటి ఏడాది పెట్టినవి బతికాయి. కోనోకార్పస్. పెద్దగా నీళ్లడగదు, గబగబా పెరుగుతుంది, కమిటీ స్వభావానికి అతికినట్టు సరిపోయింది. మరుసటి ఏడాది దాని పుప్పొడితో ఆయాసం వస్తుందని గొడవ మొదలై హరితహారంలోనే దాన్ని వద్దనేశారు. మేమూ చీకటి పడ్డాక వెళ్లి పీకేశాం. ఆ పని మాత్రం ఎవరి సాయం లేకుండా మా చేతులతో మేమే చేసుకున్నాం.

ఇక చెత్త సంగతి. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త ఇంటి దగ్గరే వేరు చెయ్యాలని 2016 నాటి చెత్త నిర్వహణ రూల్సులోనే చెప్పారు. ఇంటింటికీ వెళ్లి ఆకుపచ్చ బుట్ట తడికి, నీలం బుట్ట పొడికి అని చెప్పొచ్చాం. వారం తిరక్కుండా మా అధ్యక్షుల వారి నీలం బుట్టలోనే నమిలిన మునక్కాడలు దొరికాయి. 'ఎండిపోయాయి కదండీ' అన్నారు. పెద్దాయన, ఏమంటాం? పైగా చెత్త ఆటో వచ్చాక రెండు బుట్టలూ ఒకేచోట బోర్లిస్తారు. ఆటోతో వచ్చే ఆవిడ వీధి చివర కూర్చుని మళ్లీ అన్నీ చేత్తో ఏరుతుంది: పాల ప్యాకెట్లు ఒక సంచిలోకి, సీసాలు ఇంకో సంచిలోకి, అట్టలు కాళ్ల కింద తొక్కి ఒక కట్ట. ఒకసారి మా వీధి సంచిలో పగిలిన ట్యూబ్‌లైట్ గుచ్చుకుని, చీర అంచు చింపి వేలికి చుట్టుకుని మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఈ మొత్తాన్ని రిపోర్టులో 'కాలనీలో నూరు శాతం చెత్త విభజన' అని రాసుకున్నాం. అబద్ధం కాదు కదా, జరుగుతోంది.

చెరువు దగ్గర గుర్రపుడెక్క పీకడానికి కూడా వెళ్లాం. అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది, మేం ఆర్నెల్లకోసారి గంటన్నర పీకుతాం, లెక్క మీరే వేసుకోండి. వచ్చిన ముప్పై మందికి నాలుగు కేసుల వాటర్ బాటిళ్లు తెచ్చాం. వాటిని ఏరడానికి మరో ఆదివారం పెట్టుకోవాల్సి వచ్చింది, అదొక కార్యక్రమం కింద లెక్కకొచ్చింది.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు ఉండేవారు. విత్తనాలు, మొక్కలు పట్టుకుని ఊళ్లు తిరిగి కోటికి పైగా నాటారని చెబుతారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో కాలం చేశారు. ఆయన ఫ్లెక్సీ ఆయన మెడలోనే ఉండేది, 'వృక్షో రక్షతి రక్షితః' అని. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, కనీసం ఒక జాయింట్ సెక్రటరీ కూడా లేకుండా అంత పని ఎలా అయిందో మా కమిటీకి ఇప్పటికీ అంతుబట్టలేదు. సంతాప సభ మాత్రం ఘనంగా చేశాం.

మీకో రహస్యం. మా యాభై అయిదులో ఒకటి బతికింది, ఏడో గుంతలో, 2022 నాటి కానుగ. తర్వాతి మూడేళ్ల మొక్కల్ని దాని పక్కనే ఇరికించాం. దాని పక్కన ఇస్త్రీ బండి ఉంటుంది. బండి పైకప్పు మా పాత ఫ్లెక్సీయే, 'గుడ్డ సంచులే వాడండి' అన్న అక్షరాలు లోపలివైపుకి తిప్పి కట్టారు. ఇస్త్రీ ఆయన భార్య రోజూ పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడిగిన నీళ్లు ఆ గుంతలో పోస్తుందట. ఆ ఇంటివాళ్లు మా గ్రూపులో లేరు, కాబట్టి చెట్టు కమిటీ ఖాతాలోనే ఉంది.

ఈ జూన్‌లో ఫ్లెక్సీ కట్టడానికి కర్రలు దొరక్క ఆ కానుగకే కట్టాం. అధ్యక్షుల వారి మొహానికి రెండు కొమ్మలు అడ్డం వచ్చాయి. కొట్టించాల్సి వచ్చింది. 'సార్, ఆ నీడనే బండి పెట్టుకుంటామండీ' అన్నాడు ఇస్త్రీ ఆయన. మీటింగ్ అయ్యాక మాట్లాడదాం అన్నాం.

కొమ్మలు రెండూ మర్నాటి దాకా రోడ్డు మీదే ఉన్నాయి. పచ్చికొమ్మలు తడి చెత్తా పొడి చెత్తా అని గ్రూపులో చర్చ మొదలైంది. తడి అనేవాళ్లు పద్నాలుగు మంది, పొడి అనేవాళ్లు పదకొండు, అధ్యక్షుల వారు ఇంకా చెప్పలేదు.