ఎలివేషన్ గెయిన్ గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీ ఎలివేషన్ గెయిన్ గారికి,

నమస్కారాలు. కొండ ఎక్కి వచ్చినవాళ్లు కొండ గురించి మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు మీ గురించే, అంటే దారిలో మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కామన్న అంకె గురించే చెబుతున్నారు. "శిఖరం ఎలా ఉంది?" అంటే "పద్దెనిమిది వందల మీటర్లు" అంటారు. మబ్బు పట్టిందా, కాళ్ల కింద రాళ్లు జారాయా, పైన కాసేపైనా కూర్చున్నారా అని అడిగితే ఫోన్ తీసి గ్రాఫ్ చూపిస్తారు. తెల్లవారుజామున మూడింటికి లేచి, తలకి లైటు కట్టుకుని, చీకట్లో నడకో సైకిలో మొదలుపెట్టి, రాత్రి భోజనం వేళకి తిరిగొచ్చే ఈ ఒక్కరోజు శిఖరాల భక్తులకి మీరే ఇలవేలుపు. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను. శిఖరాలకి రాసి లాభం లేదు, అవి ఎవరి మాటా వినవు.

మీ లెక్క నాకు తెలుసు. దారిలో ఎక్కిన ప్రతి మీటరునూ కూడుకుంటూ పోతారు. దిగినది మాత్రం తీసెయ్యరు. జమలే తప్ప ఖర్చులు రాయని గుమస్తా అన్నమాట. అలాంటి గుమస్తా అంటే ఎవరికి మాత్రం ఇష్టం ఉండదు?

ఈ లెక్కలోని న్యాయం 1336లోనే బయటపడింది. ఆ ఏడాది ఏప్రిల్ 26న ఇటలీ కవి పెట్రార్క్, తమ్ముడితో కలిసి ఫ్రాన్స్‌లోని వెంటూ కొండ ఎక్కానని ఒక లేఖలో చెప్పుకున్నాడు. ఎత్తు 1,900 మీటర్ల పైచిలుకు. పైనుంచి ఎలా ఉంటుందో చూద్దామనే తప్ప వేరే పని లేదట. రాత్రికి బసకి తిరిగొచ్చి, భోజనం తయారయ్యేలోగా ఆ లేఖ రాశాడట. ఎక్కిన రోజే పోస్టు పెట్టే అలవాటు మన తరం కనిపెట్టింది కాదు. దారిలో ఒక ముసలి గొర్రెల కాపరి ఎదురై, యాభై ఏళ్ల కిందట తానూ ఎక్కానని, చినిగిన బట్టలు, గీరుకుపోయిన ఒళ్లు, పశ్చాత్తాపం తప్ప ఏమీ మిగల్లేదని చెప్పాడట. ఈ సరదాకి అంతకంటే నిజాయితీ గల రివ్యూ నేను ఇంతవరకూ చదవలేదు. సరే, అసలు విషయం ఇది. తమ్ముడు గట్టు పట్టుకుని నిటారుగా పైకి పోయాడు. అన్నగారు సులువు దారి వెతుక్కుంటూ మాటిమాటికీ లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి, అలిసిపోయి, తమ్ముణ్ణి తిట్టుకున్నాడు. ఇద్దరూ చేరింది ఒకే శిఖరం. కానీ మీ పద్దులో దారి తప్పినవాడే పెద్ద వీరుడు, ఎక్కువ మీటర్లు అతనివే.

ఇప్పుడు అదే కొండకి మూడు వైపుల నుంచీ తారు రోడ్లున్నాయి. మూడింటి మీదా ఒక్కరోజులో సైకిల్ తొక్కి మూడుసార్లు పైకి చేరినవాళ్లకి ఒక క్లబ్బు కూడా ఉంది. దానికి 'వెంటూ పిచ్చోళ్లు' అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. చేస్తున్నదేమిటో తెలిసి చేస్తున్నారు.

పేచీ ఎవరితో అంటే, కొండ లేకుండానే మిమ్మల్ని సంపాదించాలనుకునేవాళ్లతో. దీనికి ఎవరెస్టింగ్ అని పేరు. ఏదో ఒక మిట్టని ఎంచుకుని, ఎక్కి దిగి, ఎక్కి దిగి, నిద్రపోకుండా మొత్తం 8,848 మీటర్లు పూర్తి చేయాలి. దీనికి ఆద్యుడు జార్జ్ మలొరీ. 1924లో ఎవరెస్ట్ మీద మాయమైన జార్జ్ మలొరీకి ఈయన మనవడు, తాత పేరే పెట్టారు. 1994లో ఆస్ట్రేలియాలోని డొనా బువాంగ్ కొండ మీద సైకిల్ తిప్పి తిప్పి ఈ లెక్క పూర్తి చేశాడు. మరుసటి ఏడాది అసలు ఎవరెస్ట్ కూడా ఎక్కాడు కాబట్టి ఆయన్ని ఏమీ అనలేం. ఆయనకి అది సాధన. తర్వాతివాళ్లకి అదే శిఖరమైపోయింది. ఫ్లైఓవర్ చాలు. పల్చటి గాలి లేదు, మంచు లేదు, దాహమేస్తే పక్కనే కారు. అయినా మీరు ఎవరెస్టంత అంకె వేసి చేతిలో పెడతారు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లని ప్రకటించాయి. పాతవాళ్లంతా మిగిలిన 86 సెంటీమీటర్లు ఎప్పుడు కడతారో కాస్త కనుక్కుని చెప్పండి.

అమెరికాలోని కొలరాడోలో మీ పలుకుబడి ఇంకో రకం. అక్కడ 14,000 అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైనే ఉన్నాయి. వాటిలో పైక్స్ పీక్ 4,302 మీటర్లు. 1806లో జెబులాన్ పైక్ అనే సైనికాధికారి దాన్ని ఎక్కబోయి, నడుం లోతు మంచులో చిక్కుకుని, మనిషన్నవాడు దీన్ని ఎక్కలేడని రాసి వెనుదిరిగాడు. ఎక్కలేకపోయిన ఆయన పేరే కొండకి స్థిరపడింది. ఎక్కి దిగినవాళ్ల పేర్లెవరికీ గుర్తులేవు. ఇప్పుడు ఆ శిఖరం మీదికి రోడ్డుంది, రైలుంది, పైన వేడివేడి డోనట్లున్నాయి. మరి రోడ్డున్న కొండని 'ఎక్కాను' అనుకోవడం ఎలా? అందుకని పర్వతప్రియులు ఒక ఆచారం పెట్టుకున్నారు. కనీసం 3,000 అడుగులు సొంత కాళ్లతో ఎక్కితేనే ఆ శిఖరం లెక్కలోకి వస్తుంది. దీంతో బండిని పైదాకా తీసుకెళ్లే వీలున్నా, కింద ఆపి, నడిచి మీ మొక్కు చెల్లించుకునేవాళ్లు తయారయ్యారు. పక్కనించి వెళ్లే బండ్లవాళ్లు వాళ్లని జాలిగా చూస్తారు.

పోనీ ఇంత విలువిచ్చే మీ అంకె సరైనదా అంటే అదీ లేదు. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు పసిగట్టే పరికరాలు మీ దగ్గర పనిచేస్తాయి. సముద్రమట్టం దగ్గర ఎనిమిది మీటర్లు ఎక్కితే ఒత్తిడి సుమారు ఒక హెక్టోపాస్కల్ (గాలి ఒత్తిడికి కొలత) తగ్గుతుంది. వాన పట్టబోతూ ఒత్తిడి నాలుగు హెక్టోపాస్కల్స్ పడిపోయిందనుకోండి, టెంటులో పడుకున్న మనిషి 30 మీటర్లకి పైగా ఎక్కేసినట్టే. సైకిల్ మీటరు కిందుండే చిన్న రంధ్రంలో నీరు చేరితే గ్రాఫ్ నానా గంతులూ వేస్తుంది. కలిసి వెళ్లి కలిసి వచ్చిన ఇద్దరి ఫోన్లలో అంకెలు వేరుగా ఉంటే ఎక్కువ వచ్చినవాడు నోరెత్తడు, తక్కువ వచ్చినవాడు యాప్ మారుస్తాడు. రెండు వేలు నిండక 1,987 దగ్గర ఆగిపోయినవాడు పార్కింగ్ పక్కనున్న గట్టు మీద సైకిల్ వేసుకుని పైకీ కిందికీ తిరుగుతూ ఉంటాడు. భార్య కారులో కూర్చుని ఎదురుచూస్తుంటుంది.

ఇవన్నీ సరదాకి అన్నవి. ఇప్పుడు చెప్పబోయేది సరదా కాదు.

మీటర్లు మీకన్నీ ఒకటే. సముద్రం ఒడ్డున ఎక్కిన వంద మీటర్లకీ నాలుగు వేల మీటర్ల పైన ఎక్కిన వందకీ మీ దగ్గర ఒకే ధర. ఊపిరితిత్తుల దగ్గర కాదు. హవాయిలో మౌనా కియా ఉంది, 4,207 మీటర్లు. సముద్రంలో సైకిల్ చక్రం తడిపి బయలుదేరి ఒకే రోజున దాని కొసకి చేరాలని వచ్చేవాళ్లున్నారు. (ఆ కొండ సముద్రం అడుగున ఇంకో ఆరు వేల మీటర్లు లోతుకి ఉంది, అది ఎవరి ఖాతాలోనూ పడలేదు. మీరు చూసుకోలేదేమో.) పైన గాలిలో ఆక్సిజన్ శాతం కిందున్నంతే, 21. కానీ గాలి ఒత్తిడే సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతానికి పడిపోతుంది. 1,500 మీటర్లు దాటాక ప్రతి వెయ్యి మీటర్లకీ శరీర సామర్థ్యం పదో వంతు దాకా తగ్గుతుంది. అందుకే 2,800 మీటర్ల దగ్గరున్న సందర్శకుల కేంద్రంలో కనీసం అరగంట ఆగమంటారు, కారులో వచ్చినవాళ్లని కూడా. ఆ పైన కంకర రోడ్డు, చక్రం జారుతుంది, మనిషి దిగి సైకిల్ని తోస్తాడు. తోసిన మీటర్లు కూడా తొక్కినట్టే రాస్తారు మీరు.

ఒక్కరోజు ప్రయాణంలో ఉన్న కిటుకు ఏమిటంటే, ఎత్తు తెచ్చే తలనొప్పీ వాంతులూ సాధారణంగా కొన్ని గంటలు ఆలస్యంగా మొదలవుతాయి. అవి వచ్చేలోపు మనిషి దిగిపోతాడు. దీన్ని "నాకు ఎత్తు పడుతుంది" అని చెప్పుకుంటాడు. మరోసారి రాత్రి పైనే ఉండాల్సి వచ్చినప్పుడు ఆ ధైర్యం ఏమవుతుందో మీకు పట్టదు. నిద్రించే ఎత్తుని 3,000 మీటర్ల పైన రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని వైద్యులంటారు. ఆ 500 అనే అంకె మీ భక్తుల చెవికి అవమానంలా వినిపిస్తుంది.

ఇంకో సంగతి, మీ తమ్ముడు ఎలివేషన్ లాస్ గురించి, అంటే దిగిన మీటర్ల లెక్క గురించి. ఆయన్ని ఎవరూ పలకరించరు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు నడకకి టైము లెక్క చెప్పాడు: మూడు మైళ్లకి గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకీ మరో గంట. దిగడానికి సున్నా. ఇప్పటికీ చాలామంది ప్లాను ఇంతే, శిఖరం దాకా నిమిషాలతో సహా ఉంటుంది, ఆ తర్వాత "దిగేయడమే కదా" అని ఉంటుంది. దిగేటప్పుడే తొడ కండరాలు సాగుతూ బరువు మోస్తాయి, మర్నాడు మెట్లు దిగలేనిది అందుకే. దిగేటప్పుడే సైకిల్ బ్రేకులు కాలిపోతాయి, చెమటతో తడిసిన ఒంటికి గాలి కొట్టి వేళ్లు బ్రేకు మీద బిగుసుకుపోతాయి. 1865 జూలై 14న ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరం మీద తొలిసారి కాలుపెట్టినవాళ్లు ఏడుగురు. దిగుతుండగా ఒకరు జారి తాడు తెగింది. కిందికి చేరింది ముగ్గురు. మీ పద్దు ప్రకారం ఏడుగురికీ ఒకే గెయిన్.

మీకు నచ్చే చోటు ఒకటుంది, అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్. ఎత్తు 1,917 మీటర్లే కానీ పైకి పోయే 12 కిలోమీటర్ల రోడ్డు సగటు వాలు 12 శాతం, చివర్లో 22. అక్కడి సైకిల్ పందెంలో పైకి తొక్కొచ్చు, కిందికి తొక్కడానికి ఒప్పుకోరు. అందరినీ, సైకిళ్లనీ బండ్లలో ఎక్కించి దింపాలి. మీకు స్వర్గమే. ఆ రోడ్డెక్కిన కార్లకి 'ఈ కారు మౌంట్ వాషింగ్టన్ ఎక్కింది' అని స్టిక్కరు ఇస్తారు. కారు కూడా గొప్పలు చెప్పుకునే ఆ కొండ మీద, దిగడం ప్రమాదమని ఒప్పుకున్నవాళ్లు ఉండటం నాకు ఊరట.

అందుకని నా విన్నపం చిన్నదే. ఉరుముల మబ్బులు కొండ చుట్టూ కమ్ముకునేది ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత. అందుకే పన్నెండయ్యేసరికి శిఖరం దిగి ఉండాలని కొలరాడోలో పిల్లలకి కూడా చెబుతారు. పదకొండున్నరకి మనిషి ఆయాసపడుతూ ఆకాశంకేసి చూస్తాడు, తిరిగిపోదామా అనుకుంటాడు. సరిగ్గా అప్పుడే మీరు చేతి గడియారంలోంచి "ఇంకా నూట యాభై మీటర్లే" అంటారు. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకోండి. లేదా తమ్ముణ్ణి మాట్లాడనివ్వండి, "కిందికి పదిహేను వందలు ఉంది బాబూ" అంటాడు. వింటే వింటాడు, లేకపోతే లేదు.

ఇట్లు,
మీ ఖాతాదారు

తా.క. మొన్న టెంటులో నిద్రపోతూ నేను ఎక్కిన ముప్పై మీటర్లని దయచేసి వెనక్కి తీసుకోవద్దు. వాటిని ఇప్పటికే గ్రూపులో పెట్టేశాను.