నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడేనా?

ఇప్పుడు పోస్టర్ మీద నిర్మాత పేరు ఎంతమంది చదువుతున్నారు? హీరో ఎవరు, డైరెక్టర్ ఎవరు, ఓటీటీకి ఎంతకి పోయింది, అంతే. ఒకప్పుడు రామోజీరావు సంస్థ ఉషాకిరణ్ మూవీస్ పేరు కనపడితే ఇంటిల్లిపాదీ ధైర్యంగా హాలుకి బయల్దేరేవాళ్లు. 2024 జూన్ 8న రామోజీరావు పోయినప్పుడు పత్రికాధిపతిగా, ఫిల్మ్ సిటీ యజమానిగా ఆయన గురించి అందరూ రాశారు, మేమూ రాశాం. నిర్మాతగా మాత్రం చెప్పుకోవాల్సినంత చెప్పుకోలేదు.

1985నే తీసుకోండి. యాక్సిడెంట్‌లో కాలు పోయి, జైపూర్ కాలు పెట్టుకుని మళ్లీ గజ్జె కట్టిన అమ్మాయి సుధాచంద్రన్. అయ్యో పాపం అనుకుని మనం పేజీ తిప్పేసే వార్త అది. ఆయన ఆ అమ్మాయినే పిలిపించి, ఆమె కథలో ఆమె చేతే వేషం వేయించి, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ‘మయూరి’ తీశారు. స్టార్ లేడు, హీరోయిన్‌కి కెమెరా కొత్త, అయినా జనం చూశారు, జాతీయ అవార్డుల జ్యూరీ కూడా ఆమెను ప్రత్యేకంగా గుర్తించింది. అదే ఏడాది ‘ప్రతిఘటన’లో టి.కృష్ణ విజయశాంతి చేతికి గొడ్డలిచ్చారు. హీరో వచ్చి కాపాడే కథలే నడుస్తున్న రోజుల్లో దాని మీద డబ్బు పెట్టడానికి గుండె కావాలి. 2000లో మళ్లీ అదే పని: తేజకి దర్శకుడిగా, ఉదయ్ కిరణ్‌కి హీరోగా మొదటి సినిమా ‘చిత్రం’. కొన్ని నెలలకే స్రవంతి రవికిశోర్‌తో కలిసి తరుణ్‌ని హీరో చేసిన ‘నువ్వే కావాలి’.

టీవీలోనూ అంతే. 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది, మరుసటి ఏడాదే ‘పాడుతా తీయగా’. పాట అయిపోయి చేతులు నలుపుకుంటూ నిలబడ్డ పిల్లకి ఒత్తు ఎక్కడ జారిందో బాలు నెమ్మదిగా చెబుతుంటే, ఇక్కడ సోఫాలో కూర్చున్నవాళ్లకీ టెన్షనే. (అదే ఛానెల్లో సీరియళ్లు జీడిపాకంలా సాగాయి, కాదనం.)

1996లో వచ్చిన ఫిల్మ్ సిటీకి గిన్నిస్ రికార్డు ఉంది, సరే. కథ పట్టుకుని లోపలికెళ్తే ప్రింటుతో బయటికి రావచ్చని చెప్పుకునేవాళ్లు. ఆ కథ ముందు ఉండాలి కదా! ఇవాళ మన దగ్గర పెద్ద నిర్మాతలు ముందు హీరో డేట్లు పట్టుకుంటున్నారు, అడ్వాన్స్ ఇచ్చాక కథ వెతుకుతున్నారు, బడ్జెట్ చేయి దాటాక టికెట్ రేట్లు పెంచమని రెండు ప్రభుత్వాల చుట్టూ తిరుగుతున్నారు. ఆ పెంపు కట్టేది నలుగురితో హాలుకెళ్లే మామూలు కుటుంబం. ప్రభుత్వాలు జీవో ఇచ్చే ముందు ఆ కుటుంబాన్నీ ఒక మాట అడగాలి.