చెరువుకు పదమూడో లక్షణం

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు తవ్వించి, మంచి చెరువుకు ఉండవలసిన 12 లక్షణాలనూ, ఉండకూడని 6 దోషాలనూ అందులో చెక్కించాడు. ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నీటికి ఆరో స్థానం దక్కిన ఈ కాలంలో, ఆ పాత జాబితాను సవరించడం మన బాధ్యత.

ముందుగా దోషాల సంగతి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండరాదని శాసనం అంటుంది. మనమైతే తుంగభద్ర నీటిని మూడు రాష్ట్రాలకు పంచి, ఆ పంపకం చూసుకోవడానికి ఒక బోర్డును కూడా నిలబెట్టుకుని, ఆ దోషానికి చట్టబద్ధమైన గౌరవం కల్పించాము. నీరు కొంచెమై, తడపవలసిన నేల విస్తారం కావడం మరో దోషమట. 133 టీఎంసీలు పట్టేలా కట్టిన తుంగభద్ర జలాశయం పూడిక చేరి సుమారు 105కు దిగింది గానీ, కాలువ చివరి ఆయకట్టు కాగితం మీద ఇప్పటికీ పచ్చగానే ఉంది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో కొబ్బరికాయ చేతబట్టి జల చూసేవారు ఉండగా, అనుమతి లేనిదే బోరు వేయరాదన్న 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టంతో పనేమిటి?

ఇక లక్షణాలు. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలన్నది రెండోది. ఆ స్థానంలో సర్వే నంబరు తెలిసినవాడు చాలు. పొడవైన రాళ్లు దొరికే గని దగ్గర ఉండాలన్న నియమాన్ని మాత్రం మనవాళ్లు శ్రద్ధగా పాటిస్తున్నారు, ప్లాట్లకు హద్దురాళ్లు పాతాలి కదా. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్లు శ్రమించి ఆ చెరువు కట్టారని శాసనమే చెబుతోంది. ఒక చెరువును లేఅవుటుగా మార్చడానికి మనకు ఒక జేసీబీ, వరుసగా రెండు సెలవు రోజులు సరిపోతాయి. కాబట్టి చెరువు ఎండి ఉండాలన్నది పదమూడో లక్షణంగా చేర్చాలని మనవి.

చిక్కల్లా నీటితోనే. దానికి రిజిస్ట్రేషను కాగితాలు చదవడం రాదు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక అనే వాగు పొంగి, తన పాత దారి వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చేసింది. ఎవరి అనుమతితో వచ్చిందో తెలుపవలసిందిగా వంకకు నోటీసు ఇవ్వాలి. జవాబు రాకపోతే ఆక్రమణదారుగా ప్రకటించి ఖాళీ చేయించాలి.